చాయ్ పడిన ల్యాప్‌టాప్, శానిటైజర్ కొట్టిన కీబోర్డు: రెండింటిదీ ఒకటే జబ్బు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: నిజామాబాద్‌లో చిన్న డయాగ్నొస్టిక్ సెంటర్. రిసెప్షన్‌లో, ల్యాబ్‌లో కలిపి మూడు డెస్క్‌టాప్‌లు, లెక్కలు రాసుకోవడానికి ఒక ల్యాప్‌టాప్. పోయిన వారం ల్యాప్‌టాప్ మీద అర గ్లాసు చాయ్ ఒలికింది. రెండు రోజులు బియ్యం డబ్బాలో పెట్టి తీస్తే ఆన్ అయింది, కానీ కొన్ని అక్షరాలు పడడం లేదు. ఇకముందు ఇలా జరగకుండా సిలికాన్ కవర్ కొనాలా? పేషెంట్లు, శాంపిళ్ల మధ్య ఉండే కీబోర్డుల మీద రోజూ శానిటైజర్ స్ప్రే కొడుతున్నాం, అది మంచిదేనా?

హనుమకొండలో ఇరవై ఏళ్లకు పైగా ఈ రిపేర్లే చేస్తున్నాను. ముందు తొందరగా చేయాల్సింది చెప్తాను మేడమ్, మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకోండి. ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్న లెక్కల ఫైళ్లు ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, ఇవాళే షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసేసి, విప్పి శుభ్రం చేసే మనిషి దగ్గరికి తీసుకెళ్లండి. ఆన్ అయింది కదా అని వాడుకుంటూ ఉంటే బాగయ్యే బండిని కూడా మీ చేత్తో మీరే చంపుకున్నట్టు.

ఎందుకో చెప్తాను. కంప్యూటర్‌ను చంపేది ఒట్టి నీళ్లు కావు. నీళ్లలో కలిసి ఉన్నవి, వాటికి తోడైన కరెంటు. మన చాయ్‌లో పాలున్నాయి, చక్కెర ఉంది, లవణాలున్నాయి. తడి ఆరిపోయాక కూడా ఇవన్నీ లోపలి మదర్‌బోర్డు మీద, అంటే చిప్‌లన్నీ అమర్చిన పలక మీద, జిగురు పొరలా మిగిలిపోతాయి. ఆ పొర గాలిలో తేమను లాగుతుంది. తేమ, లవణం, కరెంటు మూడూ ఒకచోట కలిస్తే రాగి గీతలు తినుకుపోతాయి, పచ్చగా చిలుము పడుతుంది. ఇంట్లో ఇత్తడి చెంబుకు నెలల తరబడి తోమకపోతే పట్టే చిలుమే ఇది. కరెంటు తోడైతే ఆ పని రోజుల్లో అయిపోతుంది. వేసవిలో ఒలికిన చాయ్ వానాకాలంలో బయటపడడం నేను చాలాసార్లు చూశాను. ‘అప్పుడు బాగానే పనిచేసింది కదండీ’ అంటూ జూలైలో వస్తారు.

షట్‌డౌన్ చేస్తే కరెంటు పోతుంది కదా అనుకోవచ్చు. పూర్తిగా పోదు. ల్యాప్‌టాప్ లోపల బ్యాటరీ కలిసే ఉంటుంది. మీరు పవర్ బటన్ నొక్కితే గుర్తుపట్టాలి కాబట్టి బోర్డులో కొంత భాగం నిద్రలో కూడా ఒక చెవి తెరిచే ఉంచుకుంటుంది. అక్కడ 3.3 వోల్టులో 5 వోల్టులో నిత్యం ఉంటాయి. అందుకే నా దగ్గరికి తడిసిన ల్యాప్‌టాప్ వస్తే మొదట చేసేది అడుగు మూత విప్పి బ్యాటరీ కనెక్టర్ పీకడం. తుడవడం, ఆరబెట్టడం అన్నీ ఆ తర్వాతే.

ఇక బియ్యం సంగతి. బియ్యం ల్యాప్‌టాప్ లోపలికి చెయ్యి పెట్టి చాయ్ లాగలేదు. చక్కెరనూ పాలనూ అసలే లాగలేదు. పైగా ఆ పిండి పొడి పోర్టుల్లోకి వెళ్తుంది. యూఎస్‌బీ రంధ్రంలోంచి పట్టకారుతో బియ్యం గింజలు ఏరిన రోజులు నాకున్నాయి. బియ్యం వల్ల జరిగే మేలు ఒక్కటే: ఆ రెండు రోజులు మీరు స్విచ్ వేయకుండా ఆగుతారు. అంత ఓపిక ఉంటే, మూత విప్పి, బ్యాటరీ తీసి ఫ్యాను కింద పెట్టడం దానికన్నా నయం.

కొన్ని అక్షరాలే ఎందుకు పడడం లేదంటే, కీబోర్డులో ఒక్కో అక్షరానికి ఒక్కో వైరు ఉండదు. అడ్డ గీతలు, నిలువు గీతలు చాపలా అల్లి ఉంటాయి. ఒక గీత తెగితే దాని మీద కూర్చున్న ఆరేడు అక్షరాలు ఒకేసారి పోతాయి. చాయ్ ఎడమ మూల పడినా కుడివైపు అక్షరం పలకకపోవడానికి కారణం ఇదే. రెండు గీతలు ఒకదానికొకటి అంటుకుంటే దీనికి తలకిందులుగా జరుగుతుంది, ఎవరూ నొక్కకుండానే అక్షరాలు పడుతుంటాయి. పాస్‌వర్డ్ పెట్టెలో చుక్కలు వాటంతటవే పరుగెత్తుతుంటే జనం వైరస్ అని భయపడతారు. వైరస్ కాదు, కాఫీ.

టెక్నీషియన్ దగ్గరికి వెళ్లినప్పుడు పడింది చాయ్ అనీ, చక్కెర వేసిందనీ, ఏ రోజు పడిందో, తర్వాత ఎన్నిసార్లు ఆన్ చేశారో దాచకుండా చెప్పండి. ‘ఉత్త నీళ్లే సార్’ అని చెప్పనివాళ్లు నాకు తక్కువ. మూత తీయగానే గుప్పున ఫిల్టర్ కాఫీ వాసన వస్తుంది. దానివల్ల నాకు నవ్వు తప్ప నష్టం లేదు కానీ, ఏం పడిందో తెలిస్తే ఎక్కడ ఎంత కడగాలో తెలుస్తుంది. అతను చేయాల్సింది, మదర్‌బోర్డు బయటికి తీసి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తని బ్రష్ పెట్టి కడగడం, కనెక్టర్ల లోపల భూతద్దం పెట్టి చూడడం. ఆ ఆల్కహాల్‌ను మా వాళ్లు ఐపీఏ అంటారు. బోర్డును బయటికి తీయకుండా పైపైన బ్లోయర్ కొట్టి ‘అయిపోయింది’ అంటే ఇంకో షాపు చూసుకోండి. మీ దగ్గర అలాంటి పని దొరక్కపోతే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) చుట్టుపక్కల చిప్ స్థాయి పని, అంటే బోర్డు మీది చిప్‌ల దాకా రిపేరు, చేసేవాళ్లు ఉంటారు.

బోర్డు బాగున్నా, కీబోర్డు మాత్రం మార్చాల్సిందే అనుకోండి. ల్యాప్‌టాప్ కీబోర్డును విప్పి కడిగి మళ్లీ బిగించడం కుదిరే పని కాదు. ఈమధ్య మోడళ్లలో దాన్ని పై ప్యానెల్‌కు చిన్న ప్లాస్టిక్ రివెట్లతో అంటించేస్తున్నారు. కాబట్టి ఒట్టి కీబోర్డు మారుస్తున్నారా, ప్యానెల్‌తో సహానా అని ముందే అడిగి రేటు మాట్లాడుకోండి. కొత్త కీబోర్డు వచ్చేదాకా, బోర్డు శుభ్రమయ్యాక, ఐదారు వందల యూఎస్‌బీ కీబోర్డు పెట్టి పని నడిపించుకోవచ్చు. వారంటీ మీద మాత్రం ఆశ వద్దు. మామూలు వారంటీలో ద్రవాలు పడిన కేసులు రావు. దానికి యాక్సిడెంటల్ డ్యామేజ్ అని విడిగా డబ్బు కట్టి తీసుకునే ప్లాన్ ఉంటుంది. చాలా మోడళ్ల లోపల తడి తగిలితే తెలుపు నుంచి ఎరుపుకు మారే చిన్న స్టిక్కర్లు కూడా పెడతారు, అక్కడ బుకాయింపు నడవదు.

మళ్లీ ఎప్పుడైనా ఒలికితే మొదటి నిమిషంలో చేసేదే సగం వైద్యం. ఫైల్ సేవ్ చేయాలని చూడొద్దు. గోడ దగ్గర స్విచ్ ఆపి, ఛార్జర్ పీకి, పవర్ బటన్‌ను తెర నల్లబడి పూర్తిగా ఆగిపోయేదాకా పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోండి. మూత వేస్తే ఆగినట్టు కాదు, అది నిద్రపోవడమే. మూత వేస్తే పైగా కీల మీది తడి తెరకు అంటుతుంది. ఆ తర్వాత తెరను వీలైనంత వెనక్కి తెరిచి, బల్ల అంచున గుడారంలా తలకిందులుగా నిలబెట్టండి, కింద పాత టవల్ పరవండి. అటూ ఇటూ ఊపొద్దు. ఊపితే కీబోర్డులో ఉన్నది కాస్తా బోర్డు మీదికి చేరుతుంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది, చాలామందికి తెలియదు. కొన్ని ఆఫీసు మోడళ్లలో, ముఖ్యంగా లెనోవో థింక్‌ప్యాడ్‌లలో, కీబోర్డు కింద తొట్టిలాంటి ఏర్పాటు, అడుగున నీళ్లు కారిపోయే రంధ్రాలు ఉంటాయి. వాటిని తిప్పొద్దనే ఆ కంపెనీ మాన్యువల్ చెప్తుంది. ఆపేసి, ఉన్నది ఉన్నట్టుగా ఎత్తి పట్టుకుంటే నీళ్లు కిందికి కారిపోతాయి. మీ ల్యాప్‌టాప్ అడుగున అలాంటి రంధ్రాలున్నాయేమో ఇవాళే చూసి పెట్టుకోండి. ఫ్యాను జాలీ వేరు, ఇవి వేరు. హెయిర్ డ్రయ్యర్ వద్దు, ఎండలో పెట్టడం అసలే వద్దు. మీ నిజామాబాద్ మే నెల ఎండకు కీబోర్డు కీలు వంకర తిరుగుతాయి.

ఇప్పుడు కవర్. ల్యాప్‌టాప్‌కు వద్దని నా అభిప్రాయం, డెస్క్‌టాప్‌కు కావాలని. రెండూ ఒకే వస్తువే కదా అంటే, పని జరిగే చోటు వేరు. ల్యాప్‌టాప్ తెరకూ కీలకూ మధ్య సందు చాలా తక్కువ. కవర్ ఉంచి మూత వేస్తే తెర మీద గీతల మరకలు పడతాయి, పల్చటి తెరలైతే ఒత్తిడికి పగిలిన సందర్భాలూ నా బల్ల మీదికి వచ్చాయి. కొన్ని మోడళ్లు కీబోర్డు సందుల్లోంచి కూడా కాస్త గాలి తీసుకుంటాయి. కవర్ వేస్తే వేడెక్కుతాయి. అన్నిటికన్నా ముఖ్యం, కవర్ అక్షరాల మీదే ఉంటుంది. పవర్ బటన్ పక్కన, స్పీకర్ జాలీల మీద, మూత మడత దగ్గర ఏమీ ఉండదు. గ్లాసు తిరగబడితే చాయ్ కవర్ మీద జారి సరిగ్గా అక్కడికే పోతుంది.

ల్యాప్‌టాప్‌కు నేను చెప్పేది బలి కీబోర్డు. ల్యాప్‌టాప్‌ను ఐదారు అంగుళాల స్టాండ్ ఎక్కించండి. ముందు ఒక చవక యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ పెట్టుకోండి. ఏం ఒలికినా చచ్చేది ఆ ఐదు వందల కీబోర్డే, పైన ఉన్నది బతుకుతుంది. మెడ నొప్పి కూడా తగ్గుతుంది, అది కొసరు. గ్లాసు బల్ల మీద కాకుండా పక్కన చిన్న స్టూల్ మీద, బల్ల ఎత్తు కన్నా కిందికి పెట్టుకోండి. కింద ఉన్న గ్లాసు తిరగబడితే నేల తడుస్తుంది, అంతే. మా షాపులో నాకూ కుర్రాళ్లకూ ఇదే రూలు. పోయిన ఏడాది రూలు తప్పి కస్టమర్ మెషీన్ మీద మజ్జిగ పోసింది మాత్రం నేనే. కొత్త కీబోర్డు నా జేబులోంచే వేయించాను.

మీ మూడు డెస్క్‌టాప్‌ల విషయంలో సిలికాన్ కవర్ పనికొస్తుంది, కానీ ఒలకడం గురించి కాదు, క్రిముల గురించి. కీబోర్డులో సందులు ఎక్కువ, తుడిచే గుడ్డ లోపలికి పోదు. కవర్ ఒకే ముక్క, తీసి సబ్బు నీళ్లతో కడిగి ఆరేయొచ్చు. మీ మోడల్‌కు సరిపోయే కవర్ దొరక్కపోతే వంటింట్లో వాడే పల్చటి క్లింగ్ ఫిల్మ్‌ను కీబోర్డుకు చుట్టి, రోజూ సాయంత్రం పీకి పారేయండి. పళ్ల డాక్టర్ల దగ్గర లైటు పిడికి, స్విచ్‌లకు అలా ఫిల్మ్ చుట్టి పేషెంటుకూ పేషెంటుకూ మధ్య మార్చడం చూసే ఉంటారు. ఇదీ ఆ పద్ధతే.

స్ప్రే మాత్రం ఇవాళ్టి నుంచే మానేయండి. 2020లో, 2021లో నా దగ్గరికి వచ్చిన తడి కేసుల్లో చాయ్ కన్నా శానిటైజరే ఎక్కువ. కరోనా భయంతో జనం కీబోర్డు మీద అగరబత్తి పొగ పట్టినట్టు రోజుకు నాలుగుసార్లు కొట్టారు. స్ప్రే అంటే సన్నగా, కావాలని చేసే ఒలకబోతే. చేతి శానిటైజర్‌లో ఆల్కహాల్ ఒక్కటే ఉండదు. చెయ్యి పొడిబారకుండా గ్లిజరిన్ కలుపుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన ఫార్ములాలోనే అది 1.45 శాతం ఉంటుంది. ఆల్కహాల్ ఎగిరిపోతుంది, గ్లిజరిన్ కీల కింద ఉండిపోతుంది, దుమ్మును పట్టుకుని బంకలా మారుతుంది. జెల్ రకం అయితే ఇంకా అన్యాయం. బ్లీచింగ్ నీళ్లు, హైపోక్లోరైట్ లోహాన్ని తినేస్తాయి. ఫినాయిల్ కూడా వద్దు. ఆన్‌లో ఉన్న మెషీన్ మీద ఆల్కహాల్ కొట్టడం నిప్పుతో పరాచికం, అది వేరే సంగతి.

చల్లొద్దు, తుడవండి. అంతే తేడా. ఇది నేనొక్కడినే చెప్పేది కాదు, ఆధారం ఉంది. అమెరికాలో నార్త్ కరోలినా యూనివర్సిటీ వాళ్లు ఆసుపత్రిలో వాడే 25 కీబోర్డులను పరీక్షించి 2006లో ఫలితాలు ప్రచురించారు. రకరకాల క్రిమినాశకాలతో తుడిచి చూస్తే అన్నీ 95 శాతానికి పైగా బ్యాక్టీరియాను తీసేశాయి. తమాషా ఏమిటంటే, పోల్చి చూడడానికి వాడిన శుద్ధమైన నీళ్లు కూడా అంత పనీ చేశాయి. పని చేసింది మందు ఎంతో, గుడ్డ రాపిడి కూడా అంతే. 300 సార్లు తుడిచినా కీబోర్డులు పాడవలేదు, అక్షరాలు చెరిగిపోలేదు.

తుడవడానికి కావలసింది మీ ల్యాబ్‌లోనే ఉంది. రక్తం తీసే ముందు చేతికి రాసే ఆల్కహాల్ స్వాబ్ ఉంటుంది కదా, అందులో ఉండేది 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలే. చిన్నది కాబట్టి ఒక కీబోర్డుకు నాలుగైదు పడతాయి. లేదా అదే 70 శాతం ద్రావణంలో నూలు గుడ్డ ముంచి, చుక్క కారకుండా గట్టిగా పిండి వాడండి. బోర్డు కడగడానికి 99 శాతం అన్నాను, ఇక్కడ 70 అంటున్నాను, పొరపాటు కాదు. బోర్డు మీద నీళ్లు మిగలకూడదు కాబట్టి అక్కడ 99. క్రిమిని చంపాలంటే ఆల్కహాల్ దాని ప్రొటీన్లను చెడగొట్టాలి, ఆ పనికి కాస్త నీళ్లు కావాలి. 99 శాతమైతే పని మొదలయ్యేలోపే ఆవిరైపోతుంది.

ముందు కంప్యూటర్ ఆపి, డెస్క్‌టాప్ కీబోర్డు అయితే వైరు పీకి, బోర్లించి తట్టండి. మిక్చర్ కారప్పూస ఎంత రాలుతుందో చూసి ఆశ్చర్యపోకండి. మెత్తని బ్రష్‌తో సందుల్లో దుమ్ము తీసి, ఆ తర్వాత తుడవండి. దుమ్ము మీదే ఆల్కహాల్ రాస్తే బురద అవుతుంది. కీల పైభాగం అర నిమిషమైనా తడిగా కనిపించాలి, దానంతట అదే ఆరాలి. ఆపిల్ కంపెనీ కూడా 2020లో తన ల్యాప్‌టాప్‌ల కీబోర్డును 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వైప్స్‌తో తుడవొచ్చని చెప్పింది, రంధ్రాల్లోకి తడి పోకూడదనే షరతుతో.

ఎంత భయపడాలన్నది కూడా చెప్పాలి. టాయిలెట్ సీటు కన్నా కీబోర్డు మురికి అని పేపర్లలో చదివే ఉంటారు. ఆ పోలిక అరిజోనా యూనివర్సిటీ సూక్ష్మజీవుల నిపుణుడు చార్లెస్ గెర్బా 2002లో చేసిన పరిశీలనతో బాగా పాకింది. దానికి డబ్బు పెట్టింది బ్లీచ్, వైప్స్ అమ్మే క్లోరాక్స్ కంపెనీ. లెక్క తప్పని కాదు నేననేది. టాయిలెట్ సీటు నున్నగా, పొడిగా ఉంటుంది, దాన్ని ఎవరో ఒకరు రోజూ కడుగుతారు. దానితో పోలిస్తే మీ ఫోనూ మురికే, మీ పర్సూ మురికే. ఎన్ని క్రిములున్నాయన్నది కాదు, ఏ క్రిములన్నదే ముఖ్యం. కీబోర్డు మీద ఉండేవి ఎక్కువగా మన చర్మం మీదివే. కోవిడ్ విషయంలో కూడా, వస్తువులు ముట్టుకుంటే సోకే అవకాశం సాధారణంగా పది వేలలో ఒకటి కన్నా తక్కువని అమెరికా వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ 2021లో తేల్చింది.

ఇంట్లో ఒక్కరు వాడే కీబోర్డుకు వారానికోసారి తుడిస్తే చాలనేది అందుకే. మీది అలా కాదు. పదిమంది చేతులు పడే కీబోర్డు వేరు. 2007లో వాషింగ్టన్ డీసీలో ఒక ప్రాథమిక పాఠశాలలో వాంతులు, విరేచనాలు వ్యాపించినప్పుడు, పిల్లలంతా కలిసి వాడే కంప్యూటర్ మౌస్, కీబోర్డుల నుంచి తీసిన శాంపిల్‌లో నోరోవైరస్ దొరికింది. దాని మీద ఆల్కహాల్ ప్రభావం అంతంతమాత్రం, సబ్బుతో చేతులు కడగడమే మందు. మీ ల్యాబ్‌లో ఇంకో సంగతి: హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలో కూడా కనీసం ఏడు రోజులు బతుకుతుంది. శాంపిల్ పట్టుకున్న గ్లవ్స్‌తోనే రిపోర్ట్ టైప్ చేసే అలవాటు మీ వాళ్లలో ఎవరికైనా ఉంటే, తుడిచే గుడ్డ కన్నా ముందు దాన్ని మాన్పించండి. గ్లవ్స్ ఉన్న చేయి కీబోర్డు ముట్టకూడదు. వీలైతే ల్యాబ్‌లో రాసేవారొకరు, శాంపిల్ చూసేవారొకరు. కుదరకపోతే గ్లవ్స్ తీసి చేతులు కడుక్కున్నాకే కీబోర్డు దగ్గర కూర్చోవాలి. ల్యాబ్ కీబోర్డు రోజూ రెండు పూటలా, రిసెప్షన్‌ది రోజు చివర తుడిస్తే సరిపోతుంది.

ఇప్పటికే స్ప్రే తాగి బంకగా మారిన డెస్క్‌టాప్ కీబోర్డులను కడగొచ్చు. మామూలు రకాలలో వెనక స్క్రూలు విప్పితే, ఒక స్క్రూ చాలాసార్లు లేబుల్ కింద దాగి ఉంటుంది, లోపల మూడు పల్చటి ప్లాస్టిక్ షీట్లు, వాటి మీద రబ్బరు బుడిపెలు కనిపిస్తాయి. విప్పే ముందు ఫోన్‌తో ఫోటో తీసుకోండి, లేకపోతే అక్షరాలు ఎక్కడివక్కడ పెట్టడానికి సాయంత్రం అవుతుంది. కీలు, పై డొక్కు గోరువెచ్చని సబ్బు నీళ్లలో కడిగి ఒక రోజంతా నీడన ఆరబెట్టండి. షీట్లను మాత్రం నీళ్లలో వేయొద్దు, స్వాబ్‌తో మెల్లగా తుడవండి, వాటి మీది గీతలు గట్టిగా రుద్దితే లేచిపోతాయి. ఇంత చదివాక మీకు అనిపించేది నాకు తెలుసు: ఐదు వందల వస్తువుకు ఇంత అవసరమా? అవసరం లేదు. ఒక స్పేర్ కీబోర్డు కొని బీరువాలో పెట్టుకోండి.

ఇంకొక్క మాట. దసరా తర్వాతి వారం మాకు ఏటా సీజన్. ఆయుధ పూజ నాడు కంప్యూటర్‌కు పసుపు రాస్తారు, కుంకుమ బొట్లు పెడతారు, దండ వేస్తారు, అక్కడిదాకా ఇబ్బంది లేదు. కొబ్బరికాయ కూడా దాని ముందే కొట్టి, ఆ నీళ్లు చేత్తో చిలకరిస్తారు. కొబ్బరినీళ్లలో పొటాషియం దండిగా ఉంటుంది, చక్కెర కూడా ఉంటుంది, కరెంటు పారడానికి చాయ్‌కి ఏమాత్రం తీసిపోదు. బొట్టు మానిటర్ అంచుకు పెట్టి, కాయ గడప దగ్గర కొట్టించండి. ఆ పూట మెయిన్ స్విచ్ ఆపి ఉంచితే ఇంకా మంచిది.